ఎండిన ఆకు అసలైనదేనా? ల్యాబ్‌లో తేల్చే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

గోనె సంచిలో ఎండి, సగం నలిగిన అడ్డసరం ఆకు వచ్చింది. అది నిజంగా అడ్డసరమేనా? అందులో పెద్దమాను ఆకు కలిపారా? రాజమండ్రి, అమలాపురం, భీమవరం వైపు ఫార్మసీ, బోటనీ విద్యార్థులు, చిన్న స్థాయి ఆయుర్వేద తయారీదారులు పదేపదే అడిగే ప్రశ్న ఇది. చాలామంది దగ్గర మైక్రోస్కోప్ ఉంటుంది, రసాయనాలూ ఉంటాయి. ఏది ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో తెలియక టెన్షన్ పడతారు.

అందుకే ఇక్కడ అడ్డసరం ఆకునే ఉదాహరణగా పెట్టుకుని వరుసగా వెళ్దాం. అడ్డసరం అంటే జస్టీసియా అధాటోడా. దీనిలో కలిపే పెద్దమాను ఐలాంథస్ ఎక్సెల్సా. అవసరమైన చోట నేల ఉసిరి, సునాముఖి లాంటివి కూడా ప్రస్తావిస్తాను. పద్ధతి ఏ ఆకుకైనా ఒకటే.

1. ముందు కావలసింది: పోల్చడానికి నమ్మకమైన ఆకు

ఏ పరీక్షకైనా పక్కన పెట్టి పోల్చే అసలు ఆకు ఉండాలి. అది లేకుండా చేసిన టీఎల్‌సీ (ఆకు సారంలోని పదార్థాలను మచ్చలుగా విడదీసే పరీక్ష) ప్లేటు ఎంత అందంగా వచ్చినా దానితో ఏమీ తేలదు. దాన్ని బజారులో కొనకండి, మీరే సేకరించండి.

పూలున్న మొక్కనే ఎంచుకోండి. అడ్డసరం ఆకులు కాండం మీద ఎదురెదురుగా ఉంటాయి. పూలు తెల్లగా, కంకుల్లో వస్తాయి, కింది పెదవి మీద ఎర్రటి లేదా ఊదా గీతలు కనిపిస్తాయి. కడియం నర్సరీల నుంచి మొక్క తెచ్చుకోవచ్చు. అయితే కుండీకి తగిలించిన పేరు చూసి సరిపెట్టుకోకుండా, పూసేదాకా పెంచి లక్షణాలు సరిచూశాకే దాన్ని ప్రమాణంగా తీసుకోండి.

హెర్బేరియం షీట్ (ఎండబెట్టిన మొక్కను అతికించి వివరాలు రాసిన అట్ట) తప్పనిసరి. షీట్ కొలత సుమారు 42 × 29 సెం.మీ. దాని మీద ఉండాల్సినవి:

- ఆకులు, పూలు, వీలైతే కాయలు ఉన్న కొమ్మ
- ఒక ఆకు పై వైపు, మరొకటి అడుగు వైపు కనిపించేలా
- సేకరించిన తేదీ, ఊరు, మండలం, జీపీఎస్ వివరాలు
- నేల తీరు: కాలువ గట్టు, కొబ్బరి తోట నీడ, లంక భూమి, మెరక
- ఆ ఊళ్లో పిలిచే పేరు, శాస్త్రీయ నామం
- నిర్ధారించిన వృక్షశాస్త్ర నిపుణుడి సంతకం

నేల ఉసిరికి కాయలు మరీ ముఖ్యం. ఫిల్లాంథస్ అమారస్ కాయ నునుపుగా, చిన్న కాడతో ఉంటుంది. ఫిల్లాంథస్ యూరినేరియా కాయ గరుకుగా, కాడ లేకుండా కొమ్మకు అంటుకుని ఉంటుంది. వరి గట్ల మీద రెండూ పక్కపక్కనే మొలుస్తాయి. ఒట్టి ఆకులే కోసుకొస్తే ఈ తేడా చూసే అవకాశం పోతుంది.

2. శాంపిల్ తీయడం

సంచి పైన చేతికందిన పిడికెడు ఆకు శాంపిల్ కాదు. కల్తీ ఎక్కువగా మధ్యలోనూ అడుగునా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి ఇలా చెబుతుంది:

- 5 సంచుల దాకా ఉంటే ప్రతి సంచి నుంచీ తీయాలి
- 6 నుంచి 50 సంచులుంటే 5 సంచుల నుంచి తీయాలి
- 50 దాటితే 10 శాతం సంచుల నుంచి తీయాలి. లెక్కకు సంచుల సంఖ్యను పై పదికి సవరించుకోవాలి. అంటే 51 సంచులుంటే 60గా లెక్కేసి 6 సంచులు తెరవాలి

ప్రతి సంచిలో పైన, మధ్యన, అడుగున మూడు చోట్ల నుంచి తీయండి. అన్నీ కలిపి శుభ్రమైన గుడ్డ మీద చదరంగా పరచండి. మూల నుంచి మూలకు గీతలు గీసి నాలుగు భాగాలు చేయండి. ఎదురెదురు భాగాలు రెండు ఉంచుకుని మిగిలిన రెండూ తీసేయండి. కావలసినంత పరిమాణం వచ్చేదాకా ఇలాగే కలుపుతూ, విడగొడుతూ పోవాలి.

సంచి తెరిచినప్పుడు ఒకదానిలో రంగు, వాసన తేడాగా అనిపిస్తే దాన్ని మిగతావాటితో కలపవద్దు. విడి శాంపిల్‌గా రాసుకోండి. కలిపేస్తే దొరికిన ఆధారం మీ చేతులతోనే పలచబడిపోతుంది.

3. ఆరబెట్టడం, దాచడం

డెల్టా గాలిలో తేమ ఎక్కువ. జూలై నుంచి నవంబరు దాకా ఆకు పైకి ఎండినట్టు కనిపించినా లోపల మెత్తగానే ఉంటుంది, త్వరగా బూజు పడుతుంది. పచ్చి ఆకు తెచ్చిన రోజే నీళ్లతో బురద కడిగి, తడి ఒత్తేసి, నీడలో ఫ్యాను కింద పలచగా పరచండి. ముసురు పట్టిన రోజుల్లో ట్రే డ్రయ్యర్‌లో 40 డిగ్రీల దగ్గర పెట్టడం మేలు. ధాన్యం ఆరబోసినట్టు రోడ్డు మీద ఆరబోస్తే ఆ దుమ్మంతా తర్వాత బూడిద పరీక్షలో బయటపడుతుంది.

బజారు శాంపిల్‌ను మాత్రం కడగకండి. ఆ మట్టి ఎంత ఉందో కొలవాల్సిందే.

డీఎన్‌ఏ పరీక్ష చేయించే ఆలోచన ఉంటే చిన్న ఆకు ముక్కలను మొదటి రోజే సిలికా జెల్‌లో వేసి విడిగా ఉంచండి.

4. కంటితో, చేతితో, ముక్కుతో

దీనికి పైసా ఖర్చు లేదు. మోటుగా చేసే కల్తీలు చాలావరకు ఇక్కడే పట్టుబడతాయి.

ముందు 100 నుంచి 500 గ్రాముల శాంపిల్ తూచి, తెల్ల కాగితం మీద పలచగా పరచండి. భూతద్దంతో చూస్తూ పుల్లలు, వేరే ఆకులు, మట్టి పెళ్లలు ఏరి తూచండి. అడ్డసరం ఆకులో ఇలాంటి పరాయి పదార్థం 2 శాతం మించకూడదని ఆయుర్వేదిక్ ఫార్మకోపియా (మందుల ప్రమాణాలు చెప్పే అధికారిక గ్రంథం) చెబుతుంది.

తర్వాత కొన్ని ముక్కలను పది పదిహేను నిమిషాలు వేడినీళ్లలో నానబెట్టి, గాజు పలక మీద విప్పి పరచండి. చూడవలసినవి:

- అంచు: అడ్డసరం అంచు దాదాపు సాఫీగా ఉంటుంది. ముతక పళ్లున్న అంచు ముక్కలు కనిపిస్తే పెద్దమాను అని అనుమానించాలి
- మొదలు: అడ్డసరంలో రెండు వైపులా సమానం. పెద్దమాను చిట్టి ఆకులో ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ
- కొన: అడ్డసరంలో సన్నగా సాగి ఉంటుంది
- రుచి: అడ్డసరం చేదు. అయితే పెద్దమాను కూడా చేదే కాబట్టి రుచితో ఏమీ తేలదు. గుర్తు తెలియని ఆకును నోట్లో పెట్టుకోకపోవడమే మంచిది

ఇలా ఏరిన అనుమానపు ముక్కలను పారేయకండి. మైక్రోస్కోప్ కింద ముందు చూడాల్సినవి అవే.

5. మైక్రోస్కోప్: ఇక్కడ తొందరపడవద్దు

నా అభిప్రాయంలో ఆకు గుర్తింపులో ఇంతకంటే గట్టి పరీక్ష లేదు. ఒక మంచి మైక్రోస్కోప్, నాలుగైదు రసాయనాలు, ఓపిక ఉంటే చిన్న కాలేజీ ల్యాబ్‌లో కూడా నమ్మదగిన ఫలితం వస్తుంది.

5.1 ఆకు ముక్కను పారదర్శకం చేయడం

ఆకు మధ్య భాగంలో, నడిమి ఈనెకూ అంచుకూ సరిగ్గా మధ్యన అర సెంటీమీటరు చదరపు ముక్క కోయండి. ప్రతి ఆకులోనూ అదే చోటు నుంచి తీయాలి, ఎందుకంటే చోటు మారితే లెక్కలు మారతాయి.

50 గ్రాముల క్లోరాల్ హైడ్రేట్‌ను 20 మి.లీ. నీళ్లలో కరిగించిన ద్రావణంలో ముక్కలు వేసి, పరీక్షనాళికను మరిగే నీళ్లలో అరగంట ఉంచండి. ఎండు ఆకుకు ఇంకాస్త సమయం పట్టవచ్చు. ముక్క వెనక అక్షరాలు పెడితే చదవగలిగేంత తేటగా రావాలి. స్లైడ్ మీద పెట్టాక ఒక చుక్క గ్లిసరిన్ వేయండి. లేకపోతే చల్లారగానే క్లోరాల్ స్ఫటికాలు ఏర్పడతాయి, వాటిని ఆకు స్ఫటికాలుగా పొరబడతారు.

క్లోరాల్ హైడ్రేట్ మత్తు కలిగించే రసాయనం. తాళం వేసిన బీరువాలో ఉంచాలి, వాడినప్పుడల్లా రిజిస్టర్‌లో రాయాలి. అది దొరకని చోట పలచని సోడియం హైపోక్లోరైట్ వాడి, తర్వాత నీళ్లతో బాగా కడగవచ్చు. అయితే దానిలో నానిన ముక్కతో లిగ్నిన్ (కణాల గోడలను గట్టిపరిచే పదార్థం) పరీక్ష చేయకూడదు, రంగు సరిగ్గా రాదు.

5.2 స్లైడ్‌ల వరుస

ఈ వరుస మారితే ఫలితమే మారిపోతుంది. చివరిదానికి తప్ప ఒక్కో దానికి కొత్త ముక్క తీసుకోండి.

1) నీళ్లలో పెట్టి, అంచు నుంచి అయోడిన్ చుక్క వేయండి. పిండి రేణువులు నీలంగా మారతాయి. క్లోరాల్‌లో వేడిచేస్తే పిండి కరిగిపోతుంది కాబట్టి ఇది మొదట చేయాలి.

2) క్లోరాల్‌లో తేట చేసిన ముక్కను రంగు వేయకుండా చూడండి. కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు, సిస్టోలిత్‌లు (కణాల్లో ఏర్పడే కాల్షియం కార్బోనేట్ ముద్దలు), నూగు ఇందులోనే రాసుకోవాలి.

3) ఫ్లోరోగ్లూసినాల్ ఆల్కహాల్ ద్రావణం వేసి, ఆరనిచ్చి, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేయండి. లిగ్నిన్ ఉన్న నాళాలు, నారలు ఎర్రగా మారతాయి. ఈ ఆమ్లం సిస్టోలిత్‌లోని కార్బోనేట్‌నూ, కాలక్రమంలో స్ఫటికాలనూ కరిగించేస్తుంది. చాలామంది నేరుగా ఈ స్లైడ్ చేసి, "సిస్టోలిత్‌లు లేవు, కల్తీ సరుకు" అని రాసేస్తారు. అది మంచి సరుకును తిప్పి పంపించే పొరపాటు.

4) సుడాన్ 3 వేస్తే నూనె బిందువులు, క్యూటికిల్ (ఆకు పైన ఉండే మైనపు పూత) ఎర్రబడతాయి.

5) చివరగా రెండో స్లైడ్‌లో సిస్టోలిత్ కనిపించిన ముక్కకే ఆమ్లం తగిలించి చూడండి. బుడగలు వస్తే అది కాల్షియం కార్బోనేట్. బుడగలు లేకుండా కరిగితే కాల్షియం ఆక్సలేట్.

5.3 అడ్డసరంలో కనిపించాల్సినవి

- పత్రరంధ్రాలకు (ఆకు గాలి పీల్చే సూక్ష్మ రంధ్రాలకు) పక్కన రెండే సహాయక కణాలు, అవి రంధ్రానికి అడ్డంగా ఉంటాయి
- పొడవాటి సిస్టోలిత్‌లు
- ఒకటి నుంచి మూడు కణాల సాధారణ నూగు
- నాలుగు కణాల తల ఉన్న గ్రంథి నూగు
- అడ్డుకోతలో పై బాహ్యచర్మం (ఆకు పైపొర) కింద రెండు వరుసల పొడుగు కణాలు

పెద్దమానులో సిస్టోలిత్‌లు ఉండవు, ఈ రకం పత్రరంధ్రాలూ ఉండవు.

ఒక్క లక్షణంతో నిర్ణయానికి రావద్దు. నేలవేము కూడా అడ్డసరం కుటుంబమే కనుక అందులోనూ సిస్టోలిత్‌లు ఉంటాయి, పత్రరంధ్రాలూ ఇదే రకం. తులసిలో సిస్టోలిత్‌లు లేకపోయినా పత్రరంధ్రాలు ఇలాగే ఉంటాయి. అన్నీ కలిసి వచ్చినప్పుడే అడ్డసరం అని రాయాలి.

అడ్డుకోత తీయడానికి ముక్కను క్యారెట్ లేదా బంగాళాదుంప చీలికలో పెట్టి కొత్త బ్లేడుతో కోయండి. పది కోస్తే రెండు బాగా వస్తాయి, అది మామూలే. పత్రరంధ్రాలు మాత్రమే చూడాలంటే నెయిల్ పాలిష్ పలచగా రాసి, ఆరాక టేపుతో లాగితే అచ్చు వస్తుంది. నూగు ఎక్కువున్న ఆకుకు ఇది పనికిరాదు.

6. లెక్కించడం

మొదట కంటి కటకంలోని స్కేలును స్టేజ్ మైక్రోమీటర్‌తో సరిచూసుకోండి. స్టేజ్ మైక్రోమీటర్‌లో 1 మి.మీ.ని 100 భాగాలు చేసి ఉంటారు, ఒక్కో గీత 10 మైక్రాన్లు. అందులో 10 గీతలకు కంటి కటకం గీతలు 30 సరిపోతే, ఒక్కో కంటి గీత సుమారు 3.3 మైక్రాన్లు. ఆబ్జెక్టివ్ మార్చిన ప్రతిసారీ మళ్లీ సరిచూడాలి.

పత్రరంధ్ర సూచిక ఇలా లెక్కించాలి:

పత్రరంధ్రాల సంఖ్య ÷ (పత్రరంధ్రాలు + బాహ్యచర్మ కణాలు) × 100

రంధ్రానికి రెండు వైపులా ఉండే రక్షక కణాల జతతో కలిపి రంధ్రాన్ని ఒకటిగా లెక్కపెట్టండి. మైక్రోస్కోప్‌లో కనిపించే వృత్తం అంచున సగానికి పైగా లోపల ఉన్న కణాలనే కలపండి. కనీసం 10 చోట్ల, వేర్వేరు ఆకుల మీద లెక్కించి సగటు తీయండి. అడ్డసరం ఆకు అడుగు వైపు సూచిక 10.8 నుంచి 18.1 మధ్య ఉండాలి.

చదరపు మిల్లీమీటరుకు ఎన్ని రంధ్రాలు అనే ఒట్టి సంఖ్యను ఎందుకు నమ్మకూడదో కోనసీమలో ఉన్నవాళ్లకు సులువుగా అర్థమవుతుంది. కొబ్బరి తోట నీడలో పెరిగిన ఆకు పెద్దగా, పలచగా ఉంటుంది. కణాలు సాగడంతో చదరపు మిల్లీమీటరులో రంధ్రాలు తగ్గుతాయి. అదే మొక్క మెరక మీద ఎండలో ఉంటే పెరుగుతాయి. సూచిక నిష్పత్తి కాబట్టి అంతగా మారదు.

ఆకు సన్న ఈనెల మధ్య ఏర్పడే గడుల సంఖ్య సునాముఖి విషయంలో బాగా ఉపయోగపడుతుంది. తిన్నెవేలి సునాముఖిలో చదరపు మిల్లీమీటరుకు 19.5 నుంచి 22.5, అలెగ్జాండ్రియా రకంలో 25 నుంచి 29.5. పక్కపక్కనే ఉన్న నాలుగు చదరపు మిల్లీమీటర్లలో లెక్కించి సగటు తీసుకోవాలి.

7. పొడిగా వస్తే

పొడిలో అంచు, కొన, మొదలు అన్నీ పోతాయి. కానీ సిస్టోలిత్‌లు, నూగు, పత్రరంధ్రాలున్న బాహ్యచర్మం ముక్కలు మిగులుతాయి. పైన చెప్పిన స్లైడ్‌ల వరుసే పాటించండి, కనీసం ఐదారు స్లైడ్‌లు చూడండి.

నారల కట్టలు ఎక్కువగా కనిపిస్తే కాండం, కొమ్మలు కలిపి దంచారని అర్థం. అయోడిన్‌తో పొడంతా నీలంగా మారితే ఏదో పిండి కలిపారు. పొడవాటి సన్నని దారాలు కొమ్మలు వేస్తూ అల్లుకుని ఉంటే అది నూగు కాదు, బూజు. వానాకాలం సరుకులో ఇది తరచూ కనిపిస్తుంది, రిపోర్టులో తప్పక రాయండి.

8. బూడిద, సారం

మొత్తం బూడిద: తూచిన క్రూసిబుల్‌లో 2–3 గ్రాముల పొడి వేసి, మఫిల్ ఫర్నేస్‌లో 450 డిగ్రీలు మించకుండా నల్లదనం పోయేదాకా కాల్చి, డెసికేటర్‌లో (తేమ చేరని గాజు పాత్రలో) చల్లార్చి తూచాలి.

ఆమ్లంలో కరగని బూడిద: ఆ బూడిదను 25 మి.లీ. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో 5 నిమిషాలు మరిగించి, బూడిద మిగల్చని ఫిల్టర్ కాగితంలో వడకట్టి, వేడినీళ్లతో కడిగి, మళ్లీ కాల్చి తూచాలి.

అడ్డసరానికి మొత్తం బూడిద 21 శాతం దాకా ఉండవచ్చు, ఆమ్లంలో కరగనిది 1 శాతం మించకూడదు. ఈ రెండు అంకెల మధ్య దూరం గమనించండి. ఆకులో సహజంగానే కాల్షియం లవణాలు ఎక్కువ, అవన్నీ ఆమ్లంలో కరుగుతాయి. గోదావరి ఒండ్రు, ఇసుక కరగవు. అంటే మట్టి కలిసిన సరుకును పట్టించేది రెండో అంకె. మొత్తం బూడిద 18 వచ్చిందని సంతోషించి ఆపేస్తే లాభం లేదు. సముద్రతీర గ్రామాల ఆకులో ఉప్పు వల్ల నీటిలో కరిగే బూడిద పెరగవచ్చు, కనుక సేకరించిన చోటు రాసుకోవడం ఇక్కడ అక్కరకొస్తుంది.

సారం: 5 గ్రాముల ముతక పొడిని 100 మి.లీ. ఆల్కహాల్‌లో మూత పెట్టి 24 గంటలు ఉంచాలి. మొదటి 6 గంటలు తరచూ కుదపాలి, మిగతా 18 గంటలు కదపకూడదు. వడకట్టి, 25 మి.లీ. ఆవిరి చేసి, 105 డిగ్రీల్లో ఆరబెట్టి తూచండి. గ్రాముల్లో వచ్చిన బరువును 80తో గుణిస్తే శాతం వస్తుంది. నీటి సారానికీ ఇదే పద్ధతి, ఆల్కహాల్ బదులు క్లోరోఫాం నీళ్లు వాడాలి. అడ్డసరానికి ఆల్కహాల్ సారం కనీసం 3 శాతం, నీటి సారం కనీసం 22 శాతం ఉండాలి. సారం మరీ తక్కువగా వస్తే ఇప్పటికే ఒకసారి సారం తీసేసిన ఆకును ఎండబెట్టి అమ్మారేమో చూడాలి. అలాంటి ఆకు మైక్రోస్కోప్ కింద అసలైనదిగానే కనిపిస్తుంది.

9. టీఎల్‌సీ

1) 1 గ్రాము పొడిని 10 మి.లీ. మెథనాల్‌తో వాటర్ బాత్ మీద 10 నిమిషాలు వేడిచేసి వడకట్టండి. మంట దగ్గర వద్దు.

2) సిలికా జెల్ ప్లేటును 105 డిగ్రీల్లో అరగంట ఉంచి, డెసికేటర్‌లో చల్లార్చండి. మన తేమకు ప్లేటు కొద్దిసేపట్లోనే నీటిని పీల్చుకుంటుంది, దాంతో మచ్చల స్థానాలు మారిపోతాయి.

3) ఒకే ప్లేటు మీద నాలుగు మచ్చలు పెట్టండి: వాసిసిన్ (అడ్డసరంలోని ముఖ్య ఆల్కలాయిడ్) ప్రమాణం, మీ అసలు ఆకు, బజారు శాంపిల్, అసలు ఆకూ శాంపిలూ కలిపినది.

4) ఇథైల్ ఎసిటేట్, మెథనాల్, అమ్మోనియా 8 : 2 : 0.2 నిష్పత్తిలో కలిపి ఛాంబర్‌లో పోసి, ఫిల్టర్ కాగితం పెట్టి, అరగంట మూసి ఉంచాక ప్లేటు దించండి.

5) ద్రావణి 8 సెం.మీ. ఎక్కాక తీసి, వెంటనే గీత గీయండి. 254, 366 నానోమీటర్ల యూవీ కింద ఫోటో తీసి, ఆ తర్వాతే డ్రాగెండార్ఫ్ స్ప్రే చేయండి.

నారింజ మచ్చ కనబడగానే వాసిసిన్ అని రాయవద్దు. డ్రాగెండార్ఫ్ చాలా ఆల్కలాయిడ్లకు నారింజ రంగే ఇస్తుంది, పెద్దమానులోనూ ఆల్కలాయిడ్లు ఉన్నాయి. ప్రమాణం మచ్చ ఎత్తులోనే ఉండాలి, నాలుగో మచ్చలో రెండుగా విడిపోకూడదు.

10. డీఎన్‌ఏ ఎప్పుడు

పై పరీక్షలన్నీ అయ్యాక కూడా దగ్గరి జాతుల మధ్య అనుమానం మిగిలితే, ముఖ్యంగా నేల ఉసిరి లాంటి వాటికి, బయటి ల్యాబ్‌కు పంపండి. మొక్కల బార్‌కోడ్‌గా (జాతిని గుర్తుపట్టే డీఎన్‌ఏ భాగంగా) ఆర్‌బీసీఎల్, మ్యాట్‌కే జన్యుభాగాలను 2009లో సిఫారసు చేశారు. ఔషధ మొక్కలకు ఐటీఎస్2 కూడా వాడతారు. డీఎన్‌ఏ జాతిని చెబుతుంది. అది ఆకో కాండమో, సారం తీసేసిందో కాదో చెప్పదు. మరిగించిన సారాల్లో డీఎన్‌ఏ ముక్కలైపోయి ఉంటుంది, వాటిని పంపడం డబ్బు దండగ.

11. తరచూ వచ్చే ఇబ్బందులు

- స్లైడ్ నిండా గాలి బుడగలు: కవర్‌స్లిప్‌ను ఒక వైపు ఆనించి మెల్లగా దించండి, కాస్త వెచ్చచేయండి
- ముక్క తేట పడటం లేదు: ముందు ఆల్కహాల్‌లో ఆకుపచ్చదనం తీసి, మళ్లీ క్లోరాల్‌లో వేయండి
- టీఎల్‌సీ మచ్చలు తోకల్లా సాగుతున్నాయి: శాంపిల్ ఎక్కువైంది, లేదా అమ్మోనియా ఆవిరైపోయింది. ద్రావణిని అప్పటికప్పుడు కలపండి
- ద్రావణి అంచుల్లో ఎత్తుగా, మధ్యలో తక్కువగా ఎక్కింది: ఛాంబర్‌లో ఆవిరి సరిగ్గా నిండలేదు
- బూడిద నల్లగానే మిగిలింది: చల్లార్చి, వేడినీళ్లతో తడిపి, ఆరబెట్టి మళ్లీ కాల్చండి
- రెండుసార్లు చేస్తే రెండు ఫలితాలు: తూకం తప్పు వెతికే ముందు శాంపిల్ సరిగ్గా కలిసిందో లేదో చూడండి

12. రిపోర్టులో ఏం రాయాలి

- శాంపిల్ ఎన్ని సంచుల నుంచి, ఎవరు, ఏ రోజు తీశారు
- వచ్చిన స్థితి: పూర్తి ఆకు, నలిగినది, పొడి
- పోల్చిన అసలు ఆకు హెర్బేరియం నంబరు
- ఫార్మకోపియా ఏ సంపుటం, ఏ ముద్రణ ప్రకారం చూశారు
- ప్రతి లక్షణం విడిగా: కనిపించింది, కనిపించలేదు, స్పష్టంగా లేదు
- స్కేలు గీతతో మైక్రోస్కోప్ ఫోటోలు, టీఎల్‌సీ ప్లేటు ఫోటోలు
- విడివిడి అంకెలు, వాటి సగటు

"స్పష్టంగా లేదు" అని రాయడానికి వెనకాడకండి. పూర్తిగా పెద్దమాను అయితే ఆ మాటే రాయండి. అడ్డసరంలో కొంత కలిసి ఉంటే, కలిసిందని రాసి, ఏరి తూచిన శాతం ఇవ్వండి. పొడిలో అయితే ఎన్ని స్లైడ్‌లలో పరాయి ముక్కలు కనిపించాయో రాయండి, శాతం ఊహించి వేయకండి. మిగిలిన శాంపిల్‌ను రెండు భాగాలు చేసి, గాలి చొరని సీసాల్లో సిలికా జెల్ సంచితో మూసి, తేదీ, సంతకంతో సీల్ వేయండి. సరుకు అమ్మినవారు ఫలితాన్ని ఒప్పుకోకపోతే ఒక సీసా వేరే ల్యాబ్‌కు వెళ్తుంది, రెండోది మీ దగ్గరే ఉంటుంది.